ఒడ్డున బాగుండి నీళ్ళలో మొరాయించే ఇంజను

పూర్తిగా ఆగిపోయిన ఇంజనుతో పెద్ద చిక్కు లేదు. స్టార్ట్ కాదు కాబట్టి కారణం వెతుకుతాం, ఎక్కడో ఒక చోట దొరుకుతుంది. అసలు తలనొప్పి అప్పుడప్పుడు మాత్రమే దమ్ము పోయే ఇంజనుతోనే. ఒడ్డు నుంచి బయల్దేరినప్పుడు గట్టిగా లాగుతుంది. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి అరగంట పోయాక ఉన్నట్టుండి పట్టు వదిలేస్తుంది. ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినా బోటు ఈడ్చుకుంటూ పోతుంది. రెండు నిమిషాలకు దానంతట అదే సర్దుకుంటుంది. తిరిగొచ్చి మెకానిక్‌కి చూపిస్తే, ఇంజనును నీళ్ళ డ్రమ్ములోకి దించి స్టార్ట్ చేస్తాడు. ఒక్క మిస్సింగ్ కూడా ఉండదు. "బాగానే ఉందిగా" అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. డ్రమ్ములో అది నిజంగానే బాగుంది.

డ్రమ్ములో ఇంజను మీద బరువు పడదు, అదీ సంగతి. మనుషులతో, వలలతో, ఐసు పెట్టెలతో నిండిన బోటును నెట్టేటప్పుడు ఇంజనుకు కావలసిన పెట్రోలు వేరు, ఊరికే తిరిగేటప్పుడు కావలసింది వేరు. సిలిండరులో ఒత్తిడి పెరిగినప్పుడు ప్లగ్గు దగ్గర కరెంటు దూకడం కష్టమవుతుంది. వేడి కూడా అసలు పని మొదలైన ఇరవై నిమిషాలకు గానీ పూర్తిగా పట్టదు. ఈ మూడూ డ్రమ్ములో లేవు. అందుకే షెడ్డులో దొరకని లోపాన్ని అంచనా మీద వెతకడం మొదలవుతుంది. ముందు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కార్బొరేటర్ కడుగుతారు, తర్వాత ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్, చివరికి వేలు పోసి ఆ కరెంటును సమయానికి వదిలే సీడీఐ పెట్టె. ఇంజను మళ్ళీ అదే దూరంలో ఆగుతుంది.

ఇలా భాగాలు మార్చుకుంటూ పోవడం నాకు అస్సలు నచ్చదు. డబ్బు పోవడం ఒక్కటే కాదు, ప్రతి మార్పుతో అసలు ఆనవాళ్ళు చెరిగిపోతాయి. వచ్చిపోయే లోపాన్ని అది వచ్చిన చోటే, వచ్చిన అర నిమిషంలోనే పట్టుకోవాలి. ఆ అర నిమిషంలో ఏం చూడాలో, ఏం ముట్టుకోవాలో ముందే తెలిసి ఉంటే, మెకానిక్ దగ్గరకు వెళ్ళేలోపే సగం పని అయిపోతుంది.

మన తీరంలో ఫైబర్ బోట్ల వెనక బిగించే పది హార్స్‌పవర్ లోపు ఓబీఎంలకు (ఔట్‌బోర్డు మోటార్లకు) ఇది ప్రాణాల మీదకు వచ్చే విషయం. మొగ దగ్గర అల విరిగే చోట పది సెకన్లు ఇంజను లాగకపోతే బోటు అలకు అడ్డం తిరుగుతుంది. వరదల్లో తిరిగే రబ్బరు బోట్లకూ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచినప్పుడు చెత్త, ప్లాస్టిక్ కలిసిన నీళ్ళలో బోట్లు తిప్పాల్సి వచ్చింది. అలాంటి చోట మధ్యలో ఇంజను మొరాయిస్తే ఎక్కించుకున్న కుటుంబం కూడా ప్రమాదంలో పడుతుంది.

ముందు చెవి, తర్వాత చెయ్యి

దమ్ము పోగానే మొదట వినాల్సింది శబ్దం. బోటు వేగం తగ్గినప్పుడు ఇంజను శబ్దం కూడా తగ్గిందా, లేక పెరిగిందా? ఈ ఒక్క ప్రశ్నతో దారి రెండుగా చీలుతుంది. శబ్దం పెరిగి, ఇంజను ఉత్తినే రేస్ అవుతూ, బోటు మాత్రం ఆగిపోతుంటే ఇంజనులో లోపమే లేదు. శక్తి పుడుతోంది, నీటికి చేరడం లేదు. ఆ సంగతి తర్వాత చూద్దాం.

శబ్దం తగ్గితే, ఎలా తగ్గింది? పెట్రోలు అందని ఇంజను నీరసపడుతుంది. ఒకసారి పుంజుకుంటుంది, మళ్ళీ జారుతుంది, ఊగుతూ ఊగుతూ ఆగుతుంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు అయిపోయేదాకా కొన్ని సెకన్లు పడుతుంది కాబట్టి అలా జరుగుతుంది. కరెంటు పోయిన ఇంజను అలా చేయదు. ఎవరో స్విచ్ కట్టేసినట్టు ఆగుతుంది, లేదా రెండు సిలిండర్లలో ఒకటి పోయి ఒక్కసారిగా వణుకు మొదలవుతుంది. రెండు సిలిండర్ల ఇంజనులో ఒకటి పడుకుంటే సగం శక్తి మిగులుతుందనుకుంటాం గానీ సగం కూడా మిగలదు. పని చేయని సిలిండరును కూడా పని చేసేదే ఈడ్వాలి మరి.

ఇది నూటికి నూరు శాతం నమ్మదగిన గుర్తు కాదు. అయినా ఎటు వెళ్ళాలో చెప్పడానికి సరిపోతుంది.

రబ్బరు బల్బు చెప్పే సాక్ష్యం

నీరసపడుతూ ఆగే ఇంజన్లలో ఎక్కువ భాగం తప్పు ఇంజను మూత కింద ఉండదు. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య ఉన్న పైపులో ఉంటుంది. ఆ పైపు మధ్యలో స్టార్ట్ చేసే ముందు నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది కదా, దానికన్నా మంచి పరీక్ష సాధనం బోటులో మరొకటి లేదు. చాలామంది దాన్ని స్టార్టింగ్‌కి తప్ప వాడరు.

దమ్ము తగ్గుతున్న క్షణంలోనే పక్కనున్న మనిషిని ఆ బల్బు పట్టుకోమనండి. చేతికి అది మూడు రకాలుగా తగలవచ్చు.

బల్బు లోపలికి పీల్చుకుపోయి చదునుగా ఉంటే, ఇంజను లాగుతోంది గానీ ట్యాంకు నుంచి పెట్రోలు రావడం లేదు. మొదట ట్యాంకు మూత మీదున్న గాలి స్క్రూ చూడండి. బండి మీద తెచ్చేటప్పుడు పెట్రోలు ఒలకకుండా దాన్ని బిగిస్తారు, తర్వాత విప్పడం మరిచిపోతారు. పది హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను పూర్తి వేగంలో గంటకు నాలుగైదు లీటర్లు తాగుతుంది. అంటే పావుగంటలో లీటరుకు పైగా పెట్రోలు బయటికి పోయిన చోటులోకి అంత గాలీ రావాలి. రాకపోతే ట్యాంకులో ఖాళీ బిగుసుకుని పెట్రోలును వెనక్కి పట్టి ఉంచుతుంది. మూత వదులు చేయగానే 'ఫుస్'మని గాలి లోపలికి పోయి, నిమిషంలో ఇంజను పుంజుకుంటే కారణం దొరికినట్టే. స్క్రూ విప్పే ఉన్నా ఇలా జరిగితే, దాని రంధ్రంలో ఉప్పు, ఇసుక పట్టి మూసుకుపోయి ఉంటుంది.

బల్బు మెత్తగా, ఖాళీగా ఉండి, వరసగా నొక్కుతుంటే ఇంజను కోలుకుంటే, చేత్తో మీరు ఇంజను పంపు చేయాల్సిన పని చేస్తున్నారన్నమాట. చిన్న టూ స్ట్రోక్‌లలో పెట్రోలు పంపు ఒక పల్చటి పొరతో పనిచేస్తుంది. క్రాంక్ గదిలో ఒత్తిడి పెరిగి తగ్గినప్పుడల్లా ఆ పొర ఊగి పెట్రోలును తోడుతుంది. పొర గట్టిపడినా, సన్నగా చిరిగినా నెమ్మదిగా వెళ్ళేటప్పుడు సరిపోతుంది, పూర్తి వేగంలో చాలదు. ఇంకో అవకాశం, దారిలో ఎక్కడో గాలి పీలుస్తోంది. పైపును ఇంజనుకు తగిలించే కనెక్టర్‌లో చిన్న రబ్బరు రింగు ఉంటుంది. అది అరిగితే బయటికి చుక్క పెట్రోలు కారకపోవచ్చు, లోపలికి మాత్రం గాలి పోతుంది. దీన్ని కళ్ళతో చూడాలంటే బల్బుకూ ఇంజనుకూ మధ్య ఒక అడుగు పారదర్శకమైన పైపు వేసి నడపండి. బుడగలు వరసగా కనిపిస్తే గాలి పీలుస్తున్నట్టే. పరీక్ష అయ్యాక ఆ పైపు తీసేయాలి. అలాంటి పైపు పెట్రోలుకు, ఎండకు గట్టిపడి పగులుతుంది.

బల్బు గట్టిగానే ఉండి, ఎంత నొక్కినా తేడా రాకపోతే పెట్రోలు ఇంజను దాకా వస్తోంది. ఇక కార్బొరేటర్ లోపలైనా చూడాలి, కరెంటు వైపైనా చూడాలి.

పైపు గురించి ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎంత అనుభవమున్నవాళ్ళ కళ్ళయినా కప్పుతుంది. పెట్రోలు పైపుకు లోపల ఒక పొర, బయట ఒక పొర ఉంటాయి. బయటి నుంచి చూస్తే పైపు కొత్తదానిలా నిగనిగలాడుతుంటుంది. లోపలి పొర మాత్రం ఊడి, ముడతపడి వేలాడుతుంది. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పెట్రోలు దాని పక్కనుంచి పారుతుంది. ఎక్సలేటర్ తిప్పి ఇంజను గట్టిగా పీల్చగానే ఆ ముడత లేచి దారికి అడ్డం పడుతుంది. ఇంజను నీరసపడి పీల్చడం తగ్గగానే మళ్ళీ కిందకి వాలుతుంది. నోటితో ఊదితే గాలి హాయిగా పోతుంది, ట్యాంకు వైపు నుంచి చూస్తే ఏ అడ్డమూ కనిపించదు. అనుమానం తీరాలంటే పైపును నిలువుగా కోసి చూడటమే. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రకం రబ్బరును మరింత తొందరగా పాడుచేస్తుంది కాబట్టి, వయసు తెలియని పైపును నేనైతే నమ్మను.

ఇథనాల్‌తో ఇంకో ఇబ్బంది నీరు. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఎక్కడైనా దొరుకుతోంది. ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువళ్ళు మాత్రం మామూలుగా 10 శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోలులోనే కలిసి ఉంటుంది, ఇబ్బంది లేదు. హద్దు దాటితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు పీల్చే గొట్టం ఉండేదీ ఆ అడుగునే. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు బాగా నడిచి, అలల్లో బోటు ఊగినప్పుడే మిస్సింగ్ కొట్టే ఇంజనుకు ఇది చాలాసార్లు కారణం. ట్యాంకు అడుగు నుంచి కొంచెం తోడి గాజు సీసాలో పోసి గంటసేపు కదపకుండా ఉంచండి. కింద వేరే పొర కనిపిస్తే, ఆ పెట్రోలు మళ్ళీ కలిపినా పనికిరాదు, మొత్తం తీసేయాల్సిందే.

వీటన్నిటికన్నా ముందు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. బాగా నడుస్తున్న మరో బోటు నుంచి ట్యాంకు, పైపు, బల్బు మొత్తం సెట్టుగా అరువు తెచ్చుకుని తగిలించి, అదే దారిలో ఒక్కసారి వెళ్ళి రండి. కనెక్టర్ సరిపోతే చాలు. లోపం పోతే తప్పు మీ ట్యాంకు వైపు, పోకపోతే ఇంజను వైపు. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా అనుమానితుల్లో సగం మంది జాబితా నుంచి తప్పుకుంటారు.

కార్బొరేటర్, వేట నిషేధం తర్వాత

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంజను ఎండలో పడుకుంటుంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఆ జిగురు పెద్ద జెట్టులో (జెట్టు అంటే పెట్రోలు పారే సన్నటి రంధ్రం) పడితే నెమ్మదిగా బాగుంటుంది, పూర్తి వేగంలో చాలదు. స్లో జెట్టులో పడితే దానికి తారుమారు, ఐడిల్‌లో ఆగిపోయి రేస్ చేస్తే నడుస్తుంది. జెట్టు పూర్తిగా మూసుకుపోతే లోపం ఎప్పుడూ ఉంటుంది. గిన్నెలో వదులుగా తిరిగే చెత్త ముక్క ఉంటేనే వచ్చిపోతుంది, జెట్టు నోటికి అడ్డం పడి, ఇంజను ఆగగానే జారిపోతుంది.

నీళ్ళ మీద దీన్ని కనిపెట్టే ఉపాయం చోకు. దమ్ము తగ్గినప్పుడు చోకు కొద్దిగా లాగండి. ఇంజను కోలుకుంటే పెట్రోలు తక్కువవుతోందని అర్థం. ఇంకా నీరసపడితే కారణం వేరే చోట ఉంది.

పెట్రోలు తక్కువై నడుస్తున్న టూ స్ట్రోక్‌ను "సర్దుకుంటోందిలే" అని వాడుకుంటూ పోవద్దు. దాని ఆయిల్ పెట్రోలులోనే కలిసి వస్తుంది. లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున సరిగ్గానే కలిపినా, పెట్రోలే తక్కువ చేరుతుంటే ఆయిల్ కూడా తక్కువే చేరుతుంది. పైగా మంట మామూలుకన్నా వేడిగా ఉంటుంది. పిస్టన్ పట్టేయడానికి ఆ రెండూ చాలు.

వేడెక్కితేనే పోయే కరెంటు

ఇరవై నిమిషాలు నడిచి టక్కున ఆగడం, పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ కావడం. ఇలా జరిగితే వేడిని అనుమానించాలి. ఇంజను పైన తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, కింద ఉండే కాయిళ్ళలో సన్నటి రాగి తీగ ఎక్కడో విరిగి, చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తాకుతూ ఉంటాయి. వేడికి వ్యాకోచించి దూరమవుతాయి. సీడీఐ పెట్టె లోపలి భాగాలకూ ఇదే జబ్బు. చల్లారిన ఇంజను మీద మల్టీమీటర్ పెడితే రీడింగులన్నీ సరిగ్గానే ఉంటాయి కాబట్టి షెడ్డులో ఇది దొరకదు.

దీనికి టైమింగ్ లైటు కావాలి, ప్లగ్గుకు కరెంటు వెళ్ళినప్పుడల్లా మెరిసే లైటు అది. టైమింగ్ చూడటానికి కాదు, కరెంటు వస్తోందో లేదో చూడటానికి. బైకు బ్యాటరీ ఒకటి తీసుకుని, లైటు క్లిప్పును ప్లగ్గు వైరుకు తగిలించి నడపాలి. టూ స్ట్రోక్ ఇంజను 5,000 ఆర్‌పీఎంలో తిరిగితే ఒక్కో ప్లగ్గు సెకనుకు 80 సార్లకు పైగా కొడుతుంది, అందుకే లైటు దాదాపు నిలకడగా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. దమ్ము పోయిన క్షణంలో ఆ వెలుగు తెగితే కరెంటు లోపం. వెలుగు అలాగే ఉండి ఇంజను పడిపోతే మళ్ళీ పెట్రోలు వైపు వెళ్ళండి. ఒక ప్లగ్గు వైరులోనే తెగుతుంటే ఆ సిలిండరు కాయిల్, వైరు, ప్లగ్గు క్యాపు చూడాలి. రెండింటిలో ఒకేసారి తెగితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి చూడాలి, అంటే ఫ్లైవీల్ కింది కాయిల్, సీడీఐ, ఇంజనును ఆపే కిల్ స్విచ్. కొన్ని చిన్న ఇంజన్లలో ఒకే కాయిల్ నుంచి రెండు ప్లగ్గులకూ కరెంటు పోతుంది. అక్కడ ఆ కాయిల్‌ను కూడా ఉమ్మడి జాబితాలో కలపాలి.

కిల్ స్విచ్‌ను ఎవరూ పట్టించుకోరు గానీ, ఖరీదైన సీడీఐ కొనే ముందు దాని మీదే కన్ను వేయాలి. చాలా చిన్న ఇంజన్లలో ఆ స్విచ్ కరెంటును బాడీకి కలిపి ఇంజనును ఆపుతుంది. ఉప్పు తేమ లోపలికి చేరినా, హ్యాండిల్ తిరిగే చోట వైరు ఒరుసుకుని పొర పోయినా, కుదుపు వచ్చినప్పుడల్లా క్షణం పాటు అదే పని జరుగుతుంది. బోటును గట్టు గుంజకు రెండు బలమైన తాళ్ళతో కట్టి, ప్రొపెల్లర్ దగ్గర మనుషులెవరూ లేకుండా చూసుకుని, గేరు వేసి సగం వేగంలో ఉంచి ఆ వైరును, స్విచ్‌ను కదిపి చూడండి. కదిపినప్పుడల్లా తడబడితే దొరికిపోయింది. స్విచ్ వైరు విడదీసి వేటకు వెళ్ళడం మాత్రం ఎప్పుడూ వద్దు. నడిపే మనిషి నీళ్ళలో పడితే, ఒంటికి కట్టుకున్న స్విచ్ తాడు ఊడినా ఇంజను ఆగదు.

చీకటి పడ్డాక ఇంకోటి చూడొచ్చు. పెట్రోలు ఎక్కడా కారడం లేదని రూఢి చేసుకుని, మూత తీసి, లైట్లు ఆపి ఇంజను నడపండి. ఫ్లైవీల్‌కు దూరంగా నిలబడి చూస్తే, పగిలిన ప్లగ్గు వైరు నుంచి బాడీకి సన్నటి నీలం మెరుపు దూకడం కంటికి కనిపిస్తుంది. పగటి వెలుగులో ఎంత వెతికినా కనిపించని పగులు అది.

శబ్దం పెరిగి బోటు ఆగితే

ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. రాయికో, మొద్దుకో తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది జారుతుంది. ఒకసారి జారి వదులైన రబ్బరు ఆ తర్వాత బరువు పడినప్పుడల్లా జారుతూ ఉంటుంది. నెమ్మదిగా పోతే పట్టుకుంటుంది, వేగం పెంచితే వదిలేస్తుంది. చాలామంది దీన్ని కూడా కార్బొరేటర్ లోపమనుకుంటారు. ప్రొపెల్లర్ విప్పి, లోపలి ఇత్తడి భాగం నుంచి రబ్బరు మీదుగా బయటి లోహం దాకా పెయింటుతో ఒక తిన్నని గీత గీయండి. ఆరాక బిగించి, గట్టిగా ఒక రౌండు వేసి వచ్చి విప్పి చూడండి. గీత విరిగి పక్కకు జరిగితే రబ్బరు జారుతోంది.

గీత తిన్నగానే ఉంటే ప్రొపెల్లర్ పైనుంచి గాలి పీలుస్తుండవచ్చు. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పలక బోటు అడుగుకు ఇంచుమించు సమానంగా ఉండాలి. ఇంజను పైకి బిగిస్తే అలల్లో, మలుపుల్లో గాలి దొరికి ఉత్తినే తిరుగుతుంది. వల ముక్క, ప్లాస్టిక్ సంచి, గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకున్నా ఇలాంటి తికమకే. ఇంజను ఆపి, పైకి ఎత్తి చూస్తే తేలిపోతుంది. వల దారం తీసినప్పుడు షాఫ్టు సీలు కోసుకుపోయిందేమో కూడా చూడండి.

ఇక వేడి సంగతి. వెనక నుంచి వచ్చే నీళ్ళ ధార సన్నబడినా, ఆగినా ఇంజనును వెంటనే ఆపాలి. ప్లాస్టిక్ అడ్డం పడిందో, పంపు రబ్బరు రెక్కలు అరిగాయో, థర్మోస్టాట్ ఉప్పు పట్టిందో ఒడ్డున చూసుకోవచ్చు. కొత్త ఫోర్ స్ట్రోక్‌లు వేడెక్కినా, ఆయిల్ ఒత్తిడి పడిపోయినా తమంతట తామే వేగం తగ్గించి బీప్ కొడతాయి. అది లోపం కాదు, రక్షణ. వాటిలో బ్యాటరీ, ఇంజెక్టర్లు ఉన్న రకాల్లో బ్యాటరీ టెర్మినల్ కొంచెం వదులైనా పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు తడబడతాయి కాబట్టి మొదట స్పానరు పట్టుకుని టెర్మినళ్ళు బిగించడం మంచిది. అలారం లేని చిన్న ఇంజను వేడికి టైటు పడుతుంటే క్రమంగా దమ్ము తగ్గుతుంది, చల్లారాక మళ్ళీ బాగుంటుంది. సిలిండరు హెడ్ మీద వేసిన నీటి చుక్క చుయ్యిమంటే హద్దు దాటిందన్నమాట.

కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కే ఒత్తిడి) కూడా ఒకసారి గేజితో చూసేయండి, పది నిమిషాల పని. రెండు సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం దాటితే ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడాలి.

మెకానిక్‌కి చెప్పేటప్పుడు "లాగట్లేదు" అని ఊరుకోకండి. ఎంతసేపటికి వచ్చింది, ఏ వేగంలో, శబ్దం పెరిగిందా తగ్గిందా, బల్బు ఎలా ఉంది, చోకు లాగితే ఏమైంది, నీళ్ళ ధార ఎలా ఉంది, ట్యాంకు ఎంత నిండి ఉంది. ఇవి చెబితే మంచి మెకానిక్ మూత తీయకుండానే రెండు మూడు చోట్లకు కుదించేస్తాడు.

రిపేరు అయ్యాక పరీక్ష డ్రమ్ములో కాదు. లోపం వచ్చినప్పుడు ఎంత బరువుందో అంత బరువు వేసి, అంతే వేగంలో, అంతకు రెట్టింపు సేపు, ఒడ్డుకు దగ్గరగా, తోడుగా ఇంకో బోటుతో నడపాలి. తీసేసిన భాగాన్ని అప్పుడే పారేయకండి. కొత్త కాయిల్ వేసినప్పుడు కనెక్షన్లు కూడా కదిలి ఉంటాయి, కాబట్టి పోయిన లోపం కాయిల్‌దో వదులు కనెక్షన్‌దో తెలియదు. పాత కాయిల్‌ను మళ్ళీ బిగించి అదే రౌండు వేస్తే లోపం తిరిగొచ్చిందంటే, తప్పు ఆ కాయిల్‌దే.